మహారాణి నోరు

ఆదివారం మధ్యాహ్నం. హాల్లో నేల మీద ఆరిన బట్టల కుప్ప. దానికి అటొకరు ఇటొకరుగా కూర్చుని అత్తాకోడళ్ళు మడతలు పెడుతున్నారు. అత్తగారు ఆసుపత్రి లాండ్రీలో సూపర్‌వైజరుగా చేసి ఈమధ్యే రిటైరయ్యారు. కోడలు కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది. ఒకప్పుడు ఆవిడ నోటికి హడలిపోయిన ఈ కోడలే, పొద్దుటి నుంచి ఆ నోటి చేత ఒక్క తిట్టయినా తిట్టించుకోవాలని చూస్తోంది.

"బావుందంటారేమిటి అత్తయ్యా? దుప్పటి నాలుగు మూలలూ నాలుగు దిక్కులకి పోతే?"

"కప్పుకునేటప్పుడు ఎలాగూ విప్పుతాం కదమ్మా."

"మరి పొద్దున కాఫీ?"

"కాఫీకేం?"

"అందులో ఉప్పు వేశాను. మీరు తాగేశారు."

"పొరపాటు ఎవరికైనా జరుగుతుంది."

"పొరపాటు కాదు, కావాలనే వేశాను. మీరేమంటారో విందామని."

"ఏమనాలి?"

"ఏదో ఒకటి. పెళ్ళయిన కొత్తలో నేను కాఫీ పెడితే ఏమన్నారో గుర్తుందా?"

"లేదు."

"నాకుంది. 'ఇది కాఫీ అని ముందే చెప్పావు కాబట్టి సరిపోయింది, లేకపోతే చేతులు కడుక్కునేదాన్ని' అన్నారు."

"అన్నానా. ఏడ్చావా?"

"ఏడ్చాను. ఏడ్చాక రాశాను."

"ఏం రాశావు? మీ అమ్మకా?"

"అమ్మకి కాదు. నవ్వనంటే చెబుతాను."

"నాకు నవ్వడం రాదని మీ ఆయనే అంటాడుగా. చెప్పు."

"ఫోన్లో మాకో గ్రూపు ఉంది. అందరం తలా ఒక వేషం వేస్తాం. రంగు పూసుకుని కాదు, రాతలోనే. ఒకాయన సేనాపతి, ఒకావిడ వైద్యురాలు. సేనాపతి ఏదో అన్నట్టు ఆయన రాస్తాడు, దానికి నా వేషం ఏమందో నేను రాస్తాను. అలా కథ నడుస్తుంది."

"నాటకమన్నమాట."

"చూసేవాళ్ళు లేని నాటకం. వేసేవాళ్ళే చూసేవాళ్ళు."

"చిన్నపిల్లలా?"

"సేనాపతి బ్యాంకు మేనేజరు. వైద్యురాలు నిజంగానే పళ్ళ డాక్టరు."

"ఇంట్లో దిక్కూదివాణం లేక... కాదులే. మంచి కాలక్షేపమే."

"ఎందుకు ఆపేశారు? దిక్కూదివాణం లేక ఏంటి?"

"ఏం లేదమ్మా. నీ వేషమేమిటి?"

"మహారాణి."

"నువ్వా?"

"ఆ 'నువ్వా' ఉంది చూడండి, అలాంటిది ఇంకొక్కటి అనండి."

"దిండు గలీబులు ఇలా ఇవ్వు."

"మా మహారాణి యుద్ధాలూ గిద్ధాలూ చెయ్యదు అత్తయ్యా. కూర్చున్న చోట కూర్చుని అందర్నీ చులకన చేస్తుంది. దానికే గ్రూపంతా పడిచస్తారు. సేనాపతి కోట గెలిచొచ్చి మోకాళ్ళ మీద వంగితే, 'గుమ్మంలో కాళ్ళు తుడుచుకున్నావా?' అంది. అంతే. పాపం, వాడు వారం రోజులు ఇంకో మాట రాయలేకపోయాడు."

"అది మా తమ్ముడితో అన్నాను. ఉద్యోగం వచ్చిందని చెప్పడానికి పరిగెత్తుకుంటూ వచ్చాడు."

"అవును. వైద్యురాలు వచ్చి, బట్టల మీద మరకలు పోలేదని దాసీల మీద విసుక్కుంటే, 'మరక మా వాళ్ళ చేతిలోకి వచ్చేటప్పటికే ఉందమ్మా, ఎవరి చేతిలోంచి వచ్చిందో కనుక్కో' అంది."

"అది ఆసుపత్రిలో కుర్ర డాక్టరుతో అన్నది. నేను అన్నం తింటూ మీ ఆయనకి చెప్పాను, నీకు కాదు."

"నేను వడ్డిస్తూ విన్నాను."

"అయితే నా మాటలన్నీ ఎత్తుకుపోయావన్నమాట."

"అన్నీ కాదు. కొన్ని మరీ ఘాటుగా ఉంటే నీళ్ళు కలిపాను. నిజం చెప్పాలంటే, రాయడం మొదలుపెట్టాక నాకు ఏడుపు రావడం మానేసింది. మీరు నోరు తెరిస్తే చాలు, చెవులు రిక్కించేదాన్ని. ఇక్కడ తిట్టు తినడం, అక్కడ అది వడ్డించి శెభాషనిపించుకోవడం."

"బాగానే జరిగిందిగా. ఇప్పుడేమొచ్చింది?"

"మాట రావట్లేదు. మహారాణికి నోరు పడిపోయింది. సేనాపతి తిరగబడ్డాడు. సింహాసనం ముందుకొచ్చి 'దిగు' అన్నాడు. ఆవిడేమంటుందా అని అందరూ చూస్తున్నారు. నేను రాస్తాను, చెరిపేస్తాను. రాస్తాను, చెరిపేస్తాను. రేపటిలోగా రాయకపోతే సింహాసనం ఆయనకే ఇచ్చేద్దామంటున్నారు."

"ఎవరినైనా అడగలేకపోయావా?"

"అడిగాను. కొన్నాళ్ళు పట్టించుకోకుండా ఉండమన్నారు, ఉన్నాను. పాత రాతలు చదువుకోమన్నారు, చదివాను. అవి రాసింది నేనేనా అనిపించింది. మహారాణికి ఇష్టమైన రంగేమిటో ఊహించమని పళ్ళ డాక్టరు చెప్పింది."

"ఊహించావా?"

"ఊదా."

"ఊహిస్తే?"

"ఊదారంగు బట్టల్లో మాట రాని మహారాణి తయారైంది."

"సలహా ఇచ్చినావిడ పళ్ళు కూడా అలాగే పీకుతుందేమో. చూడబోతే... పోనీలే, మనకెందుకు."

"మళ్ళీ మింగేశారు. ఎందుకు మింగుతున్నారు అత్తయ్యా? మీ అబ్బాయిని అడిగాను. 'పుణ్యముంటుంది, అమ్మని కదపకు' అన్నారు. మీకు ఒంట్లో బాలేదా?"

"వయసొచ్చింది."

"వయసు ఒక్కసారిగా మీద పడుతుందా? మొన్నమొన్నటిదాకా గ్యాస్ తెచ్చే మనిషి కూడా మీరు ఊళ్ళో లేని రోజు చూసుకుని వచ్చేవాడు."

"లాండ్రీ మానేశాక నోటికి పని తగ్గింది. అంతమంది ఆడవాళ్ళ మధ్య, ఆ యంత్రాల మోతలో, మెత్తగా మాట్లాడితే ఎవరికి వినిపిస్తుంది? ఇప్పుడా అవసరం లేదు. నీ పని చూసుకో."

"ఈ ఇల్లు మీకు సరిపోవట్లేదా? నేనున్నాను కదా. ఒక్క మాటనండి. ఈ చొక్కా చూడండి, కాలరు లోపలికి పెట్టి మడిచాను."

"చూశాను."

"చేతులు ముడిపడిపోయాయి."

"చూశానన్నాగా."

"అయినా ఏమీ అనరా?"

"నువ్వు తిట్లు అడుక్కోవడమేమిటే? చెయ్యి చాపితే ఇచ్చేవా అవి?"

"వచ్చింది. ఇంకొంచెం."

"చాల్లే. నువ్వు రాసి చెరిపేశానన్నది ఏదో చదువు. అంత తీసిపారేయాల్సిందేమీ ఉండదు."

"వినండి. 'ద్రోహీ! నా సింహాసనాన్ని తాకే ధైర్యం నీకెక్కడిది? నా కోపాగ్నిలో భస్మమైపోతావు!'"

"ఊఁ. తర్వాత?"

"అంతే."

"అంతేనా?"

"బాలేదా?"

"ఇది మహారాణా? బస్సులో కిటికీ పక్క సీటు పోయినావిడలా ఉంది. కోపాగ్నట. నాకు కోపమొచ్చిందహో అని నువ్వే దండోరా వేసుకుంటే, వాడికింక భయమెందుకు? అంత గట్టిగా అరిస్తే సింహాసనం ఎప్పుడో పోయిందని వాడికి అర్థమైపోదూ? పైగా వాడిని ధైర్యవంతుడన్నావు. తిట్టమంటే మెడలో దండ వేసినట్టుంది."

"మరేమనాలి?"

"వాడితో మాట్లాడనే కూడదు."

"మాట్లాడకపోతే ఓడిపోయినట్టు కాదా?"

"వాడికేసి చూస్తే ఓడిపోయినట్టు. నేను సూపర్‌వైజరైన కొత్తలో ఒకతను ఇస్త్రీ పెట్టె బల్ల మీద పడేసి, ఆడదాని కింద పనిచెయ్యనన్నాడు. నేనేమన్నా అరిచానా? పక్కనున్నామెని పిలిచి, 'ఇతను వెళ్ళేటప్పుడు తలుపు దగ్గరగా వేసి వెళ్ళమను, దుమ్ము వస్తోంది' అన్నాను. సాయంత్రం దాకా అక్కడే నిలబడ్డాడు. మర్నాడు అందరికన్నా ముందొచ్చాడు."

"ఇది నాకెప్పుడూ చెప్పలేదు."

"చెబితే దాన్నీ పట్టుకుపోయేదానివి. సరే, తియ్యి ఫోను. మహారాణి గోళ్ళు చూసుకుంటోందని రాయి."

"చూసుకుంటోంది."

"ఆ కుంటి దాసీని పిలిచింది. దాంతో అంటుంది: 'ఆ వచ్చినతనెవరో కనుక్కో. జీతం కోసమైతే వెనక గుమ్మం వైపు వెళ్ళమను.'"

"వెనక గుమ్మం వైపు... వెళ్ళమను. తర్వాత?"

"తర్వాతేముంది? ఆవిడ గోళ్ళు ఆవిడ చూసుకుంటుంది. చుక్క పెట్టి పంపెయ్."

"పంపాను. అందరూ చదువుతున్నారు అత్తయ్యా. సేనాపతి ఏదో టైపు చేస్తున్నాడు. ఆపేశాడు. మళ్ళీ చేస్తున్నాడు. మళ్ళీ ఆపేశాడు."

"మేనేజరుగారి కత్తి విరిగినట్టుంది."

"పళ్ళ డాక్టరు దణ్ణాలు పెడుతోంది. 'ఇన్నాళ్ళూ ఎక్కడికెళ్ళావు మహారాణీ' అంటోంది. బతికించారు అత్తయ్యా. ఇంక రోజూ మీరు చెబుదురు గాని, నేను రాస్తాను. ఇద్దరం కలిసి... ఆగండి."

"ఏమిటి?"

"దాసీ కుంటిదని మీకెలా తెలుసు?"

"నువ్వే చెప్పావు."

"దాసీలున్నారని చెప్పాను. అందులో ఒకతి కుంటిదని చెప్పలేదు."

"ఆ తువ్వాలు ఇలా ఇవ్వు."

"అత్తయ్యా."

"ఇవ్వమన్నానా."

"నా ఫోను చూశారా? ఎప్పుడు చూశారు?"

"ఆమధ్య నువ్వు స్నానానికెళ్తూ ఇక్కడే వదిలేసినప్పుడు. ఈ మహారాణి ఎప్పుడు చస్తుందని ఆ పళ్ళ డాక్టరు అడిగితే, 'అంత త్వరగా ఎక్కడ, మా ఇంట్లో అసలు మహారాణి గుండ్రాయిలా ఉంటేను' అని రాశావు చూడు, ఆ పూట నుంచే నాకు మాట రావడం మానేసింది."