తువ్వాలు కింద బేరం

గుంటూరు స్టేషన్లో ఆ భార్యాభర్తలు రైలు కోసం ఎదురుచూస్తున్నారు. పొద్దున్న మిర్చి యార్డులో బేరాలు చూసుకుని వచ్చిన అతని చొక్కాకి ఇంకా ఘాటు పోలేదు.

“నేను బొంబాయి వెళ్ళనండీ. ఇంటికి పోదాం పదండి.”

“సీటొచ్చిందని వీధంతా లడ్డూలు పంచింది నువ్వు కాదూ? ఇంతకీ ఆ ఫైనాన్షియల్ ఇంజనీరింగులో ఏం నేర్పుతారే?”

“ఆప్షన్లకి ధర కట్టడం. ఎండాకాలంలో ఫలానా రేటుకి మిరపకాయలు అమ్ముకునే హక్కు మీరు ఇప్పుడే కొనుక్కున్నారనుకోండి. అప్పటికి బజారు పడిపోతే ఆ రేటుకే అమ్ముతారు. పెరిగితే బయట అమ్ముకుంటారు. హక్కే గానీ బలవంతం లేదు.”

“బాగుందే! నీకూ అదే ఇస్తున్నా. అక్కడ నచ్చకపోతే ఏ రోజైనా వచ్చెయ్. ఎందుకొచ్చావని నేనడగను, మా అమ్మనీ అడగనివ్వను. నచ్చితే మాత్రం చదువు పూర్తిచేసుకునే రా.”

ఆమె కళ్ళు తుడుచుకుంది.

“అలాంటి హక్కు ఊరికే ఇవ్వకూడదండీ. ధర చెప్పండి.”

“పదిమందిలో పైకి చెప్పుకుంటామా ఎక్కడన్నా?”

యార్డులో రేటు పక్కవాళ్ళకి తెలీకుండా వేళ్ళు నొక్కి చెప్పుకున్నట్టే, అతను భుజం మీది తువ్వాలు తీసి ఇద్దరి చేతుల మీదా కప్పి, లోపల ఆమె చూపుడువేలు నొక్కాడు.

“ఒకటంటే?”

“వారానికో ఫోను.”

ఆమె అతని అయిదు వేళ్ళూ కలిపి పట్టుకుంది.

“అయిదా! కొనేవాళ్ళే రేటు పెంచడం ఇదే చూడ్డం.”

“సరుకు అలాంటిది మరి. బేరం కుదిరిందిగా, ఇక తువ్వాలు తియ్యండి. అందరూ చూస్తున్నారు.”

“చూడనీ. రైలు రానీ.”