బోర్డు ఒకచోట, మనిషి ఒకచోట

ప్రాసెసర్‌లో డేటాను చటుక్కున అందించే చిన్న మెమరీ అయిన క్యాష్‌ను ప్రోగ్రాములకు వాటాలుగా పంచే కోడ్‌ను ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌లో చేరుస్తున్న ఇంజనీరు, దాన్ని సరిచూసే సీనియర్ దగ్గరకు రొప్పుతూ వచ్చాడు.

“మేడమ్, మీ పేరు బోర్డు ముందు గంటసేపు పడిగాపులు కాశాను!”

“సోమవారమే నా సీటు మార్చారు నాయనా. ఏమిటి సంగతి?”

“ప్రాసెసర్‌లో ప్రోగ్రాములను నడిపే కోర్లున్నాయి కదా, వాటిలో ఒకటో కోర్ మీద పాటల ప్రోగ్రాముకని క్యాష్ వాటా రాసిపెట్టాను. అయినా పాటకి నత్తి పోలేదు. సాయంత్రానికి కోడ్ ఇచ్చెయ్యాలి.”

“ఆ ప్రోగ్రాము ఎప్పుడూ ఒకటో కోర్‌లోనే నడుస్తుందా?”

“లేదు, కెర్నల్ దాన్ని వేరే కోర్లకి మారుస్తూ ఉంటుంది.”

“మరి వాటా?”

“అది... ఒకటో కోర్ మీదే ఉండిపోతుంది.”

“నా బోర్డు ముందు గంటసేపు కూర్చున్నావు కదా, నేను దొరికానా?”

“అయ్యో! ప్రోగ్రాము ఎటు వెళ్తే వాటా అటు వెళ్ళేలా రాసేస్తాను. మీ బోర్డు కూడా ఇక్కడికి తెచ్చేస్తాను.”

“ఆ పని మాత్రం చెయ్యకు. మూడు రోజులుగా హాయిగా ఉన్నాను.”