డెబ్బై ఎనిమిది మోడలుకు ఆవూ దూడా

(సోమల దగ్గర ఒక పల్లె, 1984. పొద్దున పాలు పితికే వేళ. ఆవు దగ్గర మునిరత్నమ్మ. తిన్నె మీద ఆమె మొగుడు దేవరాజులు, కార్ల బేరగాడు గురప్ప.)

"మెల్లగా మాట్లాడయ్యా. నువ్వట్లా అరిస్తే ఆవు పాలు సేపదు."

"అరస్తాండానా? సంతోషంగా చెప్తాండాను మునిరత్నా. డెబ్బై ఎనిమిది మోడలే. ఇంక మార్పు లేదు. గురప్పా, నువ్వు చెప్పు మీ అక్కకి."

"బావ మంచి బండి పట్టినాడక్కా. జపాను సరుకు. మదనపల్లి ఆసామి దాన్ని ప్రాణంగా సూసుకున్నాడు."

"చెంబులో నాలుగు చుక్కలు పడలేదు. దూడ యాడ? అది మూతి పెడితే గానీ ఇది పాలియ్యదు."

"దూడా... ఆడే యాడో మేస్తాంటాది. ముందు నేను చెప్పేది ఇను. కుప్పంలో సూసింది డెబ్బై ఒకటి. ముసల్ది. దానికి దూడ ఒకటి ఇస్తే సాలన్నారు. పుంగనూరులో సూసింది డెబ్బై నాలుగు. దానికి ఆవును అడిగినారు. మదనపల్లిది డెబ్బై ఎనిమిది. కొత్త పెండ్లికూతురే అనుకో. దానికి ఆవూ దూడా."

"ఈ ఆవేనా?"

"ఉండేది ఇదొక్కటే గదా. మన పుంగనూరు పొట్టి ఆవును ఇంటి ముందర కట్టుకోవాలని ఆ ఆసామి ముచ్చట పడతాండాడంట."

"ముచ్చటకైతే కుక్కపిల్లను కట్టుకోమను."

"అట్లంటే ఎట్లక్కా? కారుంటే ఊర్లో మీ మర్యాదే వేరు."

"కారు తోలను నాకు రాదు, మీ బావకి రాదు. ఆవునైతే ఇద్దరమూ తోలతాం."

"నేర్చుకుంటానే! పెద్దతిప్పసముద్రంలో మీ అన్న జీపేసుకోని తిరగతాండాడు. నేను ఆయన ఇంటికి బస్సులో, ఎవరిదో కోళ్ళగంప ఒళ్ళో పెట్టుకోని పోవాల్నా?"

"సరే. డెబ్బై ఒకటికీ డెబ్బై ఎనిమిదికీ తేడా ఏంది?"

"రంగు. కుప్పందు తెలుపు, పుంగనూరుది నీలం, మదనపల్లిది ఆకుపచ్చ."

"రంగు గాక?"

"రంగు గాక... వాసన! డెబ్బై ఎనిమిదిలో తల పెట్టంగనే రంగు వాసన గుప్పుమన్నాది. కొత్తదంటే కొత్తదే."

"ఆరేండ్లయినా రంగు వాసన పోలేదా?"

"జపాను రంగక్కా. అంత సులభంగా పోదు."

"హారను మోగతాదా?"

"ఊరంతా లేస్తాది. కాకపోతే ముందర అద్దం తుడిచే పుల్లలు తిప్పినప్పుడే మోగతాది."

"కుప్పందీ అంతే గదా. ఆ పొద్దు మా చెల్లెలింటికి పోతా నేనూ ఎక్కి సూస్తిని."

"పుంగనూరుదీ అంతే! అది వాళ్ళ పద్ధతే. మూడు మోడళ్ళలోనూ మార్చలేదు. ఏం గురప్పా?"

"అవును బావా. వానలోనే గదా హారనుతో పని."

"ఎనక తలుపు?"

"ఎడమ పక్కదా? పగ్గంతో కట్టిండారు."

"మూడింటికీనా?"

"మూడింటికీ. కుప్పందానికి పాత పగ్గం, మదనపల్లిదానికి కొత్త పగ్గం. మోడలంటే అదే మరి!"

"అక్కా, వచ్చిన కాడికి పితుకు. ఎండెక్కక ముందే ఆవును తోలకపోవాల."

"ఉండు గురప్పా, తొందరేముంది? ఆకూ వక్కా వేసుకో. సున్నం గూట్లో ఉండాది."

"ఆ, సున్నమంటే గుర్తొచ్చె! మదనపల్లోళ్ళు మన మాదిరోళ్ళే మునిరత్నా. ఎనక తలుపు లోపల్తట్టు ఎవరో ఆకు వేసుకోని సున్నం వేలు తుడిచిండారు. మూడు గీతలు. ఇంట్లో పెద్ద ముత్తైదువ ఉండాది, ఈ బండి కలిసొస్తాదని అప్పుడే అనుకుంటి."

"మూడు గీతలా?"

"మూడే. మూడోది కొంచెం వంకర."

"బావా, ఆ గీతలదేముంది, తుడిస్తే పోతాయి..."

"ఉండు గురప్పా. అది వంకర యాల పొయ్యిందో తెలుసునా అయ్యా?"

"నాకెట్లా తెలుస్తాది?"

"నేను మూడో గీత గీస్తాండంగా నువ్వు పుల్లలు తిప్పి హారను నొక్కితివి. ఉలిక్కిపడి చెయ్యి జారె."

"నువ్వా? యాడ?"

"కుప్పంలో."

"కుప్పంది తెల్ల బండి గదే. ఇది పచ్చది."

"రంగు బయట వేస్తారు. తలుపు లోపల సున్నం ఎవరు తుడస్తారు?"

"మరి పుంగనూరు నీలం బండి?"

"దాంట్లోనూ నువ్వు సూసింటే కనపడేది."

"ఓరి నీ... ఒకే బండిని మూడూర్లలో, మూడు రంగులు కొట్టి! గురప్పా! రేయ్ గురప్పా! యాడ వీడు?"

"నువ్వు 'మరి పుంగనూరు' అన్నప్పుడే లేసినాడు. చెప్పులు చేతిలో పట్టుకోని వాకిలి దాటినాడు."

"ఒక్క మాటన్నా చెప్పకుండానా!"

"పోనీలే. ఆవు మిగిలింది. నువ్వు పోయి దూడను పట్టుకోని రా, పితకాల."

"మునిరత్నా..."

"ఊఁ."

"దూడ మేతకి పోలేదు."

"మరి?"

"బండి ఇంకొకరు ఎత్తకపోతారన్నాడు. పొద్దు పొడవక ముందే బయానా ఇయ్యాలన్నాడు. తెల్లారుజామున... నువ్వు నీళ్ళకి పోయింటివి గదా... అప్పుడు గురప్ప ఇంటికి తోలిస్తిని."

"దూడనా?"

"దూడనే. తప్పే. తిట్టు. ఏమే, తిట్టరాదా? చెంబు యాల కింద పెడతాండావు? ఆవును యాల విప్పుతాండావు? మే, మునిరత్నా! యాడికి? అది నిన్ను ఈడ్చుకోని గురప్ప ఇంటి దోవే పట్టెనే! సరే, పో. దూడను తెచ్చుకో, నేను వద్దనను. ఆ బండి నిజంగా ఏ మోడలో, అదొక్కటీ అడిగి రా!"