మేఘం కోసిన రంపం

యోబుకు రేపు నంద్యాలలో పాత రేకుల షెడ్డు విప్పే పని ఉంది. తోడుకు ఇంకో మనిషి కావాలి. ఆ మాట నోరు తెరిచి అడగడం అతనికి చేతకాదు. ఇంట్లో అతని మాట వినేవాళ్లు లేరు. ఆళ్లగడ్డలో చెన్నమ్మ టీకొట్టు బెంచీ మీద కూర్చుని, తన కరెంటు రంపం గొప్పలు ఎత్తుకున్నాడు.

“ఏముందప్పా, పోయినేడు నంద్యాలలో ఒక పాత దర్వాజా కోసినా. కొయ్యే గదా అని పెద్ద పండ్ల బ్లేడు పెట్టి స్పీడు పెంచినా. లోపల మొలలుండాయి, రంపం ఎగిరి తన్నింది. ఇంకొకడైతే చెయ్యి పోగొట్టుకుంటాడు. నేను ప్లగ్గు పీకి, సన్న పండ్ల బ్లేడు మార్చి, స్పీడు తగ్గించి, రంపం ముందుండే ఇనుప పాదాన్ని కొయ్యకు గట్టిగా ఆనించినా. జున్ను కోసినట్టు పోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“వద్దంటే ఆగుతావా?” అంది చెన్నమ్మ, టీ వడపోస్తూ.

“డోన్ నుంచి రైలోళ్లు ఉరికొచ్చినారు. అన్నా, గూడ్సుబండికి ఇనుప దూలం అడ్డం పడింది, నువ్వొస్తేనే బండి కదిలేది అన్న్యారు. ఇనుముకు తొందర పనికిరాదప్పా, బ్లేడు కాలిపోతాది. కండ్లద్దాలు పెట్టుకొని, చుక్క చుక్క నూనె పోసుకుంటా నిదానంగా కోసినా. నా రంపం చప్పుడు విని ఇంజను సిగ్గుపడి కూత బంద్ చేసింది.”

“ఇంజను సిగ్గుపడిందా?” రాజశేఖర్ నవ్వాడు. అతను పైపుల పని చేస్తాడు. రేపు అతనికి పని లేదు. అది తెలిసే యోబు అతని పక్కన కూర్చున్నాడు.

“నవ్వు, నవ్వు. ఆడ్నుంచి కొలిమిగుండ్ల పోయినా. గుట్ట అడ్డమొచ్చి ఒకాయన చేనికి ఎండ తగలడం ల్యా. రాతికి పండ్ల బ్లేడు పనికిరాదు, గరుకు పొడి అంటించిన బ్లేడు పెట్టాల. గుట్ట తల తీసి పక్కన పెట్టినా. ఆ దుమ్ము ఆడుండే గుహలు చూడొచ్చిన జనం నెత్తిన పడి అందరికీ ఒకేసారి తలలు నెరిసిపాయ.”

“నీ నెత్తిన కూడా బాగనే పడిందిలే,” అంది చెన్నమ్మ.

“ఇంకా విను. ఆ ఏడు వాన ల్యాకపాయ గదా. మహానంది మీద ఒకే ఒక్క మేఘం నిలబడింది. నిచ్చెనేసుకొని ఎక్కినా. లోపల మెరుపు తీగ ఏమన్నా ఉందేమోనని ముందే తడిమి చూసుకున్న్యా. మెత్తటి సరుకు, స్పీడు పెంచితే పీలికలైపోతాది. మెల్లగా నడిమికి కోసి సగం నంద్యాలకు, సగం ఆళ్లగడ్డకు తోసినా. అంతా నేనొక్కన్నే!”

రాజశేఖర్ నవ్వు ఆపి గ్లాసు కింద పెట్టాడు.

“ఒక్కనివేనా అన్నా?”

“ఒక్కన్నే.”

“మామూలు పైపు కోసేటప్పుడే రెండో కొస ఒకడు పట్టుకోవాల. ల్యాకుంటే పైపు వంగి బ్లేడు బిగుసుకుంటాది, రంపం మనల్నే తన్నుతాది. నీకు ఇన్నేండ్లు ఆ కొస పట్టుకున్నోడు సంజీవయ్య. దర్వాజా కాడ వాని పేరు చెప్పకపోతివి, దూలం కాడ చెప్పకపోతివి. ఎప్పుడూ ఇంతే నువ్వు, అందుకే గదా వాడు నిన్నిడిసి డోన్‌లో ఇంకొకరి కాడ పనికి చేరింది.”



“మేఘం కాడ ఉన్న్యాడప్పా,” అన్నాడు యోబు మెల్లగా. “ఆ పక్క సంజీవయ్యే పట్టుకున్న్యాడు.”

“మాకెందుకు చెప్తాండావు? డోనుకు పోయి వానికి చెప్పు.”

రాజశేఖర్ లేచి బండి స్టార్ట్ చేశాడు.

“రేపు నంద్యాలకు…” అన్నాడు యోబు.

బండి చప్పుడులో అది చెన్నమ్మకు తప్ప ఎవరికీ వినపడలేదు.