గడ్డికోళ్ల దిబ్బ

ఏప్రిల్ నెల, బాగా పొద్దెక్కాక, అమెరికాలోని కాన్సస్‌లో దున్నిన దిబ్బ పక్కన పికప్ ట్రక్కులో అక్కాతమ్ముళ్లు కూర్చుని ఉన్నారు. అక్క పట్నంలో ఉండి పిల్లలకు పుస్తకాలు రాస్తుంది. తమ్ముడిది సేద్యం. ఏటా వసంతంలో ఆ దిబ్బ గడ్డి మీద గడ్డికోళ్లనే అడవి పక్షుల పుంజులు పెట్టల్ని పిలుస్తూ ఆడేవి.

"ఎప్పుడు దున్నావురా?"

"పోయిన అక్టోబరులో. చెబుదామనే అనుకున్నానక్కా."

"శనివారం తెల్లారకముందే బడి బస్సు వస్తోంది. నా పుస్తకంలో ఉన్న గడ్డికోళ్ల ఆట చూస్తామని పిల్లలు ఒకటే గోల. ఏం చూపించను, నీ ట్రాక్టరునా?"

"పక్క బీడులో కాస్త గడ్డుందిగా. అక్కడ చూపించు."

"తాతలనాటి నుంచి ఆడిన చోటే ఆడతాయని చెప్పింది నువ్వు కాదూ? ఆ పుస్తకమంతా నీ నోటిమాటేగా!"

"నాదే."

"తెలిసీ దున్నావా?"

"వానల్లేక ఆవుల్ని అమ్మేశాను. ఇంక ఆ గడ్డి ఎవరు మేస్తారు, నీ పుస్తకమా?"

"అంత మాటంటావా?"

"కోపంలో అన్నాలే. దున్నితే కోళ్లు ఇంక రావనుకున్నాను."

"ఎలా వస్తాయిరా?"

"వచ్చాయక్కా. నెల నుంచీ రోజూ తెల్లారేసరికి ఎనిమిది పుంజులు వస్తున్నాయి. మట్టిపెళ్లల మీదే రెక్కలు దించి, మెడలు ఉబ్బించి ఆడుతున్నాయి. ఎండెక్కితే పోతున్నాయి. నేనూ రోజూ వచ్చి చూస్తున్నా."

"మరి పెట్టలు?"

"ఒక్కటీ రాలేదు. గుడ్లు పెట్టడానికి సరిపడా గడ్డి చుట్టుపక్కల ఏదీ?"

"పిల్లలకి ఏం చెప్పనురా?"

"నువ్వేం చెప్పకు. బస్సు రానీ, చూడనీ. ఎవరు దున్నారని అడుగుతారుగా, అప్పుడు నేను చెబుతా."