మోత్కూరు ధర

ఏంది రఘుపతి సేటూ, నన్ను జూడంగనే తల్కాయ కిందికేస్తివి? గడప తొక్కి గింతసేపాయె, ఏం గావాలె అని అడగవు. ఈగలు కొట్టుకుంట కూసున్నవు. బెల్లంమీద ఈగలు ఇయ్యాల్నే కొత్తగ వాలినయా?

జర ఇటు జూడు. దయ్యాన్ని గాదు, బాలనర్సమ్మను. మైసయ్య పెండ్లాన్ని. ఆయన పాము గరిచి పోయినంక కట్టెలమోపులు అమ్మి ఇద్దరు ఆడపిల్లల్ని సాదుకునేదాన్ని. గుర్తువట్టినవా? సన్నవడ్డ, గందుకే గుర్తు దొరుకుతలేదేమో. మిల్ట్రీ క్యాంపుల ఎవ్వలు లావైతరు చెప్పు!

ఉప్పు గావాలె. ఆఁ, ఉప్పే.

ఎంతకు పోస్తున్నవు ఇప్పుడు? మల్ల ఈగల్నే కొడుతున్నవు. సరే, నువ్వు జెప్పకుంటె నేనే జెప్త. పొద్దు వొడవక ముందు బయలెల్లి మోత్కూరు వోయొచ్చిన. గురవయ్య సేటు దుకాణంల అణాకు తవ్వెడు పోస్తుండు. గదే ధరకు నువ్వు గూడ పొయ్యి.

గట్ల గుడ్లు మిటకరిస్తవేంది? క్యాంపుల పడి లేసొచ్చినంక గూడ దీనికి బుద్ధి రాలేదా అనుకుంటున్నవా? రాలేదు సేటూ. కొట్టి నేర్పితె వచ్చే బుద్ధి అయితె మా దొర చేతుల్నే ఎప్పుడో వచ్చేది.

నేను జేసిన తప్పేంది? నువ్వే జెప్పు. యూనియన్ సర్కారుకు, నైజాముకు పడకుంట అయినప్పుడు ఉప్పు పిరం జేసినవు. ఎందుకయ్యా అంటె, బెజవాడ దిక్కునుంచి సరుకు బందయింది, వచ్చిన బండిని రజాకార్లు గుంజుకుంటున్నరు అన్నవు. నమ్మినం. అబద్ధం గూడ గాదది. అణాకు సోలెడే పోసినవు, ఆ సోలల గూడ నీ బొటనవేలు ఉండె, అయినా కిక్కురుమనలే. ఉత్త అంబలి తాగినం. నా చిన్నపిల్ల ముద్ద నోట్లె వెట్టుకోని ఉమ్మేస్తుంటె, మింగు బిడ్డా, మింగు అని వీపుమీద సరిచిన. దాన్ని సరిచిన సేటూ, నీ మీద కోపం రాలే నాకు.

మల్ల యూనియన్ పటాలం వచ్చె. నైజాం దిగిపాయె. తొవ్వలు తెరుసుకున్నయి, బండ్లు నడిచినయి. అన్ని మారినయి గని నీ సోల మారకపాయె!

నాకేం ఎరుక? ఎక్కడన్న గింతే ఉన్నదేమో అనుకున్న. ఓనాడు మోపు మన ఊర్లె అమ్ముడువోక మోత్కూరు వట్టుకపోయిన. వచ్చేటప్పుడు గురవయ్య దుకాణంల అణా ఇచ్చి కొంగు వట్టిన. ఆయన పోస్తున్నడు, పోస్తున్నడు, ఆపుతలేడు. అయ్యా, మర్చిపోయినవా, నేను ఇచ్చింది ఒక్క అణానే అన్న. ధర గంతనే పోవమ్మా అన్నడు.

తొవ్వ పొడుగున కడుపు మండింది. పైస పోయినందుకు గాదు, నా పిల్లను సరిచినందుకు.

సక్కగ నీ దుకాణానికే వచ్చిన. కొంగు ఇప్పి నీ ముంగట వెట్టిన. గిది మోత్కూరు ఉప్పు సేటూ, నువ్వు గిందుల సగం ఇస్తున్నవు అన్న. నువ్వు నవ్వినవు. "అయితె ఆడ్నే కొనుక్కోపో" అన్నవు. కొంటనే! రెండు కోసులు నడిచేటి కాళ్ళున్నయి నాకు. గని లగ్గమై వచ్చిన కాన్నుంచి గీ గడపే తొక్కిన, మీ నాయిన గల్లపెట్టె కాడ కూసున్నప్పుడు గూడ. అందుకే ముందుగాల నిన్ను అడుగుతున్న, గా ధరకు ఇస్తవా, మా వాడోళ్ళందర్ని మోత్కూరుకు తోలుకపోవాల్నా అన్న.

ఇచ్చినవు. పండ్లు కొరుక్కుంట ఇచ్చినవు. "ఎవ్వరికి జెప్పకు" అన్నవు.

నేను జెప్పొద్దనే అనుకున్న సేటూ, నీ తక్కెడ మీద ఒట్టు! గని ఉప్పలమ్మ నా ఇంటి గోడ అవుతలి మనిషి. నా కూర ఉప్పగున్నదని వాసనవట్టి జెప్తది అది. తెల్లారేసరికి వాడకట్టంత నీ దుకాణం ముంగట! కాపోళ్ళ లీలమ్మ గూడ చెంగు మూతికడ్డం వెట్టుకోని ఎనుక నిలవడలేదా? ఎకరాలున్నోళ్ళ నాలుకకు గూడ ఉప్పు ఉప్పే గద.

నిన్నొక్కన్నే సతాయించిన అనుకోకు. గురవయ్యను ఇడిశిపెట్టిన్నా? నీ దగ్గర మిరపకాయలు అగ్గువ. గుప్పెడు మూటగట్టుకపోయి ఆయన గల్లమీద వోసిన. మా ఊరి సేటు గింత ఇస్తుండు, నువ్వెంత ఇస్తవు అన్న. మొఖం మాడిపాయె గని ఇచ్చిండు. ఎందుకియ్యడు? ఆడోళ్ళు పది మంది చెవులు నిక్కవొడుసుకోని ఇంటున్నరు.

కొంగుకు ఓ దిక్కు ఉప్పు ముడి, ఓ దిక్కు మిరపకాయల ముడి. గది జూసే నువ్వు "బేరాలమ్మ" అని పేరు వెడితివి. నవ్వుకుంట వెడితివి, నేను గూడ నవ్విన. ఆ పేరుతోని నన్ను పిలిచినోళ్ళు ఎవ్వలున్నరు చెప్పు? మా వాడల నర్సి అంటరు. మోత్కూర్ల కట్టెలామె అంటరు. బేరాలమ్మ అనేది నువ్వొక్కనివే.

మల్ల ఎందుకు తల్కాయ దించుతున్నవు?

జొన్నకోతల నాడు మోత్కూరు తొవ్వల తుపాకులోళ్ళు అడ్డం నిలవడ్డరు. నలుగురు ఆడోళ్ళం నడుస్తున్నం. ఆ పటాలపోళ్ళ మాట మాకు సమజుగాదు, ఒక్క పోలీసు అమీనే తెలుగోడు. ఏమన్నడో ఎరుకేనా? "వీళ్ళల్ల బేరాలమ్మ ఎవతి?" అన్నడు.

నీ గొంతే ఇనవడ్డది సేటూ. నువ్వు ఆడ లేవు గని నీ గొంతు ఉన్నది.

బడిల వెట్టిండ్రు క్యాంపు. కొంగు ముడులు ఇప్పించి బల్లమీద వోసిండ్రు. చీటీల కోసం దేవులాడిండ్రు. చీటీ ఏడిది? ఉప్పు, మిరపకాయలు. "గివి ఏం నిశాని? ఎర్ర మిరపకాయ వంపితె దళం వస్తుందనా? ఉప్పు వంపితె పోలీసులు వచ్చిండ్రనా?" అని అడిగిండు అమీను. నవ్వొచ్చింది, నవ్విన. మొదటి దెబ్బ గప్పుడు వడ్డది.

ఇల్లిల్లు తిరుగుతున్నవట, ఆడోళ్ళను జమజేస్తున్నవట, అందరికి ఒక్కటే మాట నేర్పుతున్నవట, సంగంల ఎవడు నేర్పిండు నీకు అన్నడు. ఉప్పులేని అంబలి నేర్పింది దొరా అన్న. సంగపోళ్ళ పేర్లు జెప్పమన్నడు. నాకు ఉప్పు ధర తప్ప ఏం ఎరుక లేదన్న. అరికాళ్ళ మీద కొట్టిండ్రు, ఏం దొరకక ఆఖరికి ఇడిశిపెట్టిండ్రు. ఇప్పటికి మడిమ ఆనదు. మోత్కూరు వోయి వచ్చేసరికి ఇయ్యాల గింత పొద్దాయె, సూడు.

తలుపు దగ్గరికెయ్యకు! నేను ఏడ్వనీకి రాలే, శాపనార్థాలు వెట్టనీకి రాలే. సరుకు కొననీకి వచ్చిన.

నా పిల్లల్ని ఉప్పలమ్మ సాదింది. దానికే గతిలేదు, అయినా సాదింది. నా పెద్దపిల్ల ఉప్పుకొస్తె మల్ల సోలతోనే పోసినవట గద? వాడకు మొత్తం మల్ల పాత ధరే అన్నవట గద? తల్లి లేదు, ఇగ అడిగేటోళ్ళు ఎవ్వలున్నరు అనుకున్నవు. నా కాళ్ళు కొట్టిచ్చినందుకు గాదు సేటూ, గిది ఇన్నందుకు కడుపుల మండింది.

ఇగ ఓ ముచ్చట జెప్త, ఇను. ఓనాడు అమీను మెత్తగ మాట్లాడిండు. బీడీ ముట్టిచ్చుకోని కూసున్నడు. "ఒక్క పేరు జెప్పు, పొద్దుగూకేవరకు నీ పిల్లల దగ్గరుంటవు. మీ ఊర్లె దళానికి బియ్యం ఎవరిచ్చిండ్రు? రఘుపతి సేటు గూడ ఇచ్చిండా?" అన్నడు.

ఏంది, బజారు దిక్కు జూస్తున్నవు? తక్కెడ కిందవెట్టు ముందు.

నేను జూసిన సేటూ. పోయిన వానకాలం నీ దొడ్డి ఎనుక పుల్లలు ఏరుకుంటున్న. నువ్వే, నీ చేతులతోని, సంగపోళ్ళ భుజాలకు బస్తాలు ఎత్తినవు. భయానికి ఎత్తినవో, భక్తికి ఎత్తినవో నీకే ఎరుక. ఎవ్వరికి అనలే నేను. ఉప్పలమ్మకు గూడ అనలే.

నీ పేరు నాలుక కొసకు వచ్చింది. ఎందుకు రాదు? నా పేరు నీ నాలుక దాటి రాలేదా? పిల్లలు కండ్లల్ల మెదిలిండ్రు. ఒక్క మాట, ఇంటికి వోవచ్చు.

ఏం జెప్పిన్నో ఎరుకనా? "ఆయన కన్నతల్లికే ఓ ఉప్పుగల్లు ఎక్కువెయ్యడు దొరా, సంగపోళ్ళకు బస్తాలిస్తడా?" అన్న. అమీను పడి పడి నవ్విండు! బీడీ పొగ గొంతుల వడి దగ్గు వట్టింది. నీ పిసినారితనమే నిన్ను కాపాడింది పో! నన్ను గాదు. నాకు ఇంకిన్ని దెబ్బలు వడ్డయి. అవి నీ పాలివి, నేను తిన్న.

ఏంది గది? బస్తా మూతి ఇప్పుతున్నవు? తవ్వ గాదు, ఏకంగ కుంచమే తీస్తివి! పైసలొద్దా? చేతులెందుకు జోడిస్తున్నవు? దించు, దించు, బజార్ల అందరు జూస్తున్నరు.

నాకు ధర్మం వద్దు సేటూ. ధర్మమైతె ఇయ్యాల నా ఒక్కదానికి ఇస్తవు, రేపు మర్సిపోతవు. ధర అట్లగాదు. ఇయ్యాల నాకిచ్చిన ధర రేపు ఉప్పలమ్మకు ఇయ్యాలె, ఎల్లుండి నా పెద్దపిల్లకు ఇయ్యాలె. గా కుంచం లోపలవెట్టు.

ఇంకోటి. నీమీద దయతోని నోరు మూసుకున్న అనుకుంటున్నవా? కండ్లల్ల నీళ్ళు వెట్టుకుంటున్నవు గందుకే అడుగుతున్న. తుడుసుకో. దయగియ్య ఏం లేదు. క్యాంపుల అరికాళ్ళు మండుతుంటె గోడకానుకోని కూసోని నేను ఒక్కటే సోంచాయించిన. నువ్వు జైలుకు వోతె గీ దుకాణానికి తాళం వడ్తది. మోత్కూర్ల గురవయ్య ఒక్కడే మిగుల్తడు. ఒక్కడే మిగిలినంక ఆయనే నైజాం రాజు! ఇగ నేను ఎవ్వని ధర తీస్కపోయి ఎవ్వని ముంగట వెట్టాలె?

గందుకే సేటూ. నువ్వు సల్లగుండాలె, ఆయన సల్లగుండాలె, మీరిద్దరు ఒకర్నిజూసి ఒకరు పండ్లు కొరకాలె. గంతకు మించి నా కడుపుల ఏం లేదు.

ఇగో అణా. పొయ్యి.