ఆర్డిస్ లుండీ అర్జీ మీద నేను చెప్పని మాట

సభకు అధ్యక్షత వహిస్తున్న మన టౌన్‌షిప్ బోర్డు చైర్మన్ మెర్విన్ స్టాంకె గారికి, బోర్డు సభ్యులకు, నా పదవీ విరమణ సభ కోసం ఫైరింజన్లు రెండింటినీ బయట వానలో నిలబెట్టి ఈ హాలు ఖాళీ చేసి ఇచ్చిన అగ్నిమాపక దళం మిత్రులకు, హాట్‌డిష్ వంటకాల పళ్ళేలు గుడ్డల్లో చుట్టి వేడి తగ్గకుండా మోసుకొచ్చిన చర్చి మహిళలకు, ఊళ్ళోవాళ్ళకు, సరస్సు వైపు నుంచి వచ్చినవాళ్ళకు, అందరికీ నమస్కారం.

మెర్విన్ ఇందాక నా గురించి చాలా మంచి మాటలు చెప్పాడు. ఇరవై ఆరేళ్ళు, ఎవరి స్థలంలో ఏం ఉండొచ్చో చూసే జోనింగ్ గుమాస్తాగా పనిచేసి ఒక్క కాగితం మీద కూడా తప్పు చెయ్యని మనిషి ఆరిన్ ట్వైట్ అన్నాడు. ఆ మాట దగ్గరే నేను కాఫీ కప్పు కింద పెట్టేశాను. డోనా, నువ్వు కూర్చుని దిద్ది ఇచ్చిన ప్రసంగం నా చొక్కా జేబులోనే ఉంది. బాగానే ఉంది. దాన్ని చదవబోవడం లేదు, ఇంటికి వెళ్ళాక కోప్పడుదువుగాని. (నవ్వులు)

అందులో ఉన్న ఒక్క సంగతి మాత్రం చెబుతాను, ఎందుకంటే అది మీలో సగం మందికి తెలుసు. నేను ఉద్యోగంలో చేరిన మూడో ఏడు టేపు పట్టుకుని మా వీధి అంతా కొలుచుకుంటూ వస్తే, మా సొంత షెడ్డు హద్దుకు ఉండాల్సినదానికంటే రెండడుగులు దగ్గరగా ఉందని తేలింది. నాకు నేనే నోటీసు రాసుకుని, బిళ్ళ అంటించి, పోస్టులో వేసి, మర్నాడు మా పెట్టెలోంచి నేనే తీసుకున్నాను. (నవ్వులు) పోస్టుమాస్టరు అయితే, "ఇంటికి పట్టుకెళ్ళి నీ భార్యకి ఇస్తే పోలా, ఆరిన్?" అన్నాడు. వీల్లేదు, పోస్టులోనే వెళ్ళాలని నిబంధన అన్నాను. షెడ్డు పడగొట్టాను. మీరంతా నవ్వారు, కానీ నవ్వుతూనే నన్ను నమ్మారు. ఆ నమ్మకం గురించే ఇప్పుడు మాట్లాడాలి.

ఆర్డిస్ లుండీ ఈవేళ రాలేదు. నేను వెళ్ళి పిలిచాను, అయినా రాలేదు. ఆమెను ఎరగని కొత్తవాళ్ళ కోసం చెబుతున్నాను: పాత పాలకేంద్రం మలుపులో తెల్ల ఇల్లు, భర్త పోయి పధ్నాలుగేళ్ళయింది, స్కూలు వంటగది మూతపడేదాకా అక్కడ వండింది, వంటింటి పక్క గదిలో డాక్స్‌హుండ్ కుక్కల్ని పెంచి పిల్లల్ని ఇచ్చేది. పొట్టికాళ్ళ పొడుగు కుక్కలు. ఆ జాతిలో చాలా వాటికి నడివయసులోనే వెన్ను జారుతుంది, వెనక కాళ్ళు ఈడుస్తూ బతుకుతాయి. ఆర్డిస్ ఒక్క జతతో మొదలుపెట్టి ఇరవై రెండేళ్ళు ఒకే పని చేసింది. ఏ తల్లికి పుట్టినవాటికి వెన్ను గట్టిగా ఉందో చూసుకుంటూ, మిగతావాటిని ఈనకుండా ఆపేస్తూ, వెన్ను జారని వంశం ఒకటి తయారుచేసింది. ఏడాదికి రెండు ఈతలు, అంతకు మించి లేదు. కుక్కపిల్ల కావాలని వచ్చినవాళ్ళెవరైనా సరే ఆమె వంటింట్లో నేలమీద కూర్చోవాలి. కూర్చోనివాళ్ళకి పిల్లని ఇచ్చేది కాదు.

మన చైర్మన్ గారు కూడా కూర్చున్నారు. (నవ్వులు) మోకాళ్ళు అప్పటికే పాడయ్యాయి. కూర్చున్నాడు, పిల్ల ఒళ్ళోకి ఎక్కింది, ఇక లేవలేకపోయాడు. "ఇటు ఆర్డిస్‌ని, అటు రిఫ్రిజిరేటరుని పట్టుకుంటే గానీ నేను లేవలేదురా" అని తనే నాకు చెప్పాడు. ఆ కుక్క పేరు స్పడ్. తొమ్మిదేళ్ళు వచ్చాయి, ఇప్పటికీ ట్రాక్టరు సీటు మీంచి దూకుతుంది. ఆ జాతి కుక్క ఆ వయసులో దూకడమంటే ఏమిటో పశువైద్యుణ్ణి అడగండి. మెర్విన్, నవ్వడం ఆపు. ఇప్పుడు చెప్పబోయేది నీకూ సంబంధించినదే.

మూడేళ్ళ కిందట మనం ఒక నిబంధన పెట్టుకున్నాం. ఇంటికి నాలుగు కుక్కలు, అంతకు మించితే జోనింగ్ అనుమతి. ఎవరి వేటకుక్కలు ఎవరి కోళ్ళను తిన్నాయో మీకు గుర్తుండే ఉంటుంది, పేర్లు వద్దు. ఆ నిబంధన అచ్చువేసి ఇంటింటికీ పంపింది నేనే. ఆ వారంలోనే ఆర్డిస్ ఆ కాగితం మడిచి పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది.

"ఆరిన్, నా దగ్గర తొమ్మిది ఉన్నాయి. ఏం చెయ్యమంటావు?"

ఇంటికి వెళ్ళు ఆర్డిస్, నీ ఇంటికొచ్చి ఎవరు లెక్కపెడతారు అని నేను అనగలిగేవాణ్ణి. నాకు ముందు పనిచేసిన ఆయన అదే అనేవాడు. నేను సొరుగు లాగి ఫారం తీశాను. "నింపి ఇవ్వు. నీ మీద ఎవరికీ ఏ ఫిర్యాదూ లేదు. ఊరికే ఒక లాంఛనం" అన్నాను. లాంఛనం అన్న మాట నాదే.

ఫారం వచ్చాక వెయ్యి అడుగుల లోపల ఉన్న ప్రతి ఇంటికీ ఉత్తరం వెళ్ళాలి. పదకొండు ఇళ్ళు. ఫలానా వారు ఫలానా అనుమతి కోరుతున్నారు, మీకు అభ్యంతరాలుంటే ఫలానా రోజు విచారణకు వచ్చి చెప్పుకోవచ్చు అని. మర్నాడు గ్లెన్ రీడల్ ఫోను చేశాడు. గ్లెన్, నువ్వు ఇక్కడే ఉన్నావు, నేనేమైనా కల్పించి చెబితే ఆపు.

"ఏంటి ఆరిన్, ఆర్డిస్ ఏమైనా పెద్ద కట్టడం మొదలెడుతోందా?"

"లేదు. అవే కుక్కలు."

"అవే కుక్కలైతే ఉత్తరం ఎందుకొచ్చింది?"

"నిబంధన ప్రకారం రావాలి."

"అంటే ఏదో ఉందన్నమాటేగా" అన్నాడు.

గ్లెన్‌ను నేను తప్పుపట్టడం లేదు. ఇరవై ఏళ్ళు ఆ కుక్కల పక్కన బతికిన మనిషికి, మీకు అభ్యంతరం ఉందా అని ప్రభుత్వం కాగితం పంపి అడిగితే, ఉండాలి కాబోలు అనుకుంటాడు. అతని భార్య బానీ ప్రతి ఈతకూ వెళ్ళి పిల్లల్ని ఎత్తుకుని వచ్చేది. ఆ ఉత్తరం తరవాత వెళ్ళలేదు. ఎందుకని అడిగితే, "విచారణ అయ్యేదాకా బాగుండదేమో అని" అంది.

విచారణ ఈ హాల్లోనే జరిగింది. సరస్సు ఒడ్డున కొత్తగా ఇల్లు కట్టుకున్న ఒకాయన టీవీలో చూసిన రేకుల షెడ్ల గురించి మాట్లాడాడు, వందల కుక్కలు, తీగల బోనులు. ఆయన ఆర్డిస్ ఇల్లు ఎప్పుడూ చూడలేదు. చూడక్కర్లేదు కూడా, మాట్లాడే హక్కు ఉంది, మూడు నిమిషాలు. ఎవరికైనా మూడు నిమిషాలే. టైము అయిపోగానే కొట్టే గంట నా ముందే ఉండేది.

ఆర్డిస్ చర్చికి వేసుకునే కోటు వేసుకుని వచ్చింది. మొదటి నిమిషం అంతా కృతజ్ఞతలకే సరిపోయింది. బోర్డుకు, నాకు, ఇంత రాత పని పెట్టినందుకు క్షమించమని. తరవాత కుక్కలు ఎక్కడ పడుకుంటాయో చెప్పింది. ఆఖరికి వెన్నుల సంగతికి వచ్చింది. "ఇప్పుడున్న చిన్న ఆడకుక్క ఏడో తరం. దీని పిల్లలు గనక..." అంటుండగా నేను గంట కొట్టాను.

(విరామం)

ఆమె నా వైపు చూసి, "సరే" అని కూర్చుంది.

ఇంకో పది సెకన్లు ఆగితే ఏమయ్యేదని మీరు అడగొచ్చు. సరస్సు ఆయనకి సరిగ్గా మూడు నిమిషాలకి కొట్టాను కాబట్టి ఆమెకీ కొట్టాలి అనుకున్నాను. నా షెడ్డు పడగొట్టుకున్నవాణ్ణి నేను.

ఓట్ల దగ్గరికి వస్తాను. బోర్డులో ఐదుగురు. విచారణ మొదలుకాక ముందే నేను మెర్విన్‌ను పక్కకు పిలిచి, "నువ్వు ఆవిడ దగ్గర కుక్క తీసుకున్నావు. దీంట్లో నువ్వు ఓటు వెయ్యకూడదు" అన్నాను. "ఆరేళ్ళ కిందటి మాట కదరా" అన్నాడు. "అయినా కూడదు" అన్నాను. ఆరిన్ చెప్పాడంటే సరిగ్గానే ఉంటుంది అని వెళ్ళి వెనక వరసలో టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. మిగిలిన నలుగురిలో ఇద్దరు అవునన్నారు, ఇద్దరు కాదన్నారు. సమానమైతే అర్జీ వీగిపోయినట్టే. నేనే రాశాను: తిరస్కరించడమైనది.

మెర్విన్ ఓటు ఎటు పడేదో ఈ హాల్లో ఎవరికీ సందేహం లేదు.

ఇంతవరకూ మీకు తెలుసు. తెలియనిది ఇప్పుడు చెబుతున్నాను. ఇది డోనాకి కూడా తెలియదు.

బోర్డు తీర్పు మార్చమని అడగడానికి ముప్పై రోజుల గడువు ఉంటుంది. పంతొమ్మిదో రోజున, వేరే పని మీద, రాష్ట్ర టౌన్‌షిప్‌ల సంఘం వాళ్ళు పంపే నిబంధనల పుస్తకం తిరగేస్తున్నాను. అందులో ఒక పేరా ఉంది. ఎప్పుడో ఒకసారి ఒకరి దగ్గర ఏదో కొనుక్కున్నంత మాత్రాన సభ్యుడు తప్పుకోనక్కర్లేదు, ఆ అర్జీ వల్ల ఇప్పుడు తనకు లాభం కలిగితేనే తప్పుకోవాలి. చాలా తేటగా ఉంది. రెండుసార్లు చదివాను. తప్పు నాది. మెర్విన్ ఓటు వేసి ఉండాల్సింది.

ఇంకా పదకొండు రోజులు ఉన్నాయి. చైర్మన్ ఇంటికి నడిచి వెళ్ళినా పది నిమిషాలు. మళ్ళీ విచారణ పెట్టండి, నేను తప్పు చెప్పాను అనాలి, అంతే. రోజూ అనుకున్నాను. సోమవారం బోర్డు సమావేశం జరిగింది, నేను కాగితాలు చదివాను, ఇంకేమైనా ఉందా ఆరిన్ అని మెర్విన్ అడిగాడు, ఏమీ లేదన్నాను. సరస్సు వాళ్ళు నవ్వుతారని కాదు, ఉద్యోగం పోతుందని కూడా కాదు. అప్పటికి ఇరవై మూడేళ్ళుగా మీరు నా దగ్గరికి వచ్చి, ఇది కుదురుతుందా ఆరిన్ అని అడిగి, నేను కుదరదంటే ఎదురు చెప్పకుండా వెళ్ళిపోయారు. ఎంతమందికి అలా చెప్పానో, అందులో ఎన్ని తప్పో అని మీరు వెనక్కి తిరిగి చూసుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. గడువు దాటిపోయింది.

ఆమెకు అరవై రోజులు ఇచ్చాం. తొమ్మిదిలో ఐదింటిని పంపించెయ్యాలి. ఏవి పంపాలో ఆమె ఇష్టం. అందరం అనుకున్నాం, మంచి ఆడకుక్కల్ని అట్టిపెట్టుకుని ముసలివాటిని పంపుతుందని. ఆమె ముసలివాటినే ఉంచుకుంది. పదేళ్ళు దాటిన వాటిని ఎవరు తీసుకుంటారు? వయసులో ఉన్న ఐదూ వెళ్ళిపోయాయి. తీసుకున్నవాళ్ళు మంచివాళ్ళే, ఇంట్లో పెంచుకునేవాళ్ళు కనక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించారు. ఆ ఏడో తరం చిన్నది ఇప్పుడు సెయింట్ క్లౌడ్ పట్నంలో ఎవరి సోఫా మీదో ఉంది. దానికి పిల్లలు లేరు. ఇక ఆ వంశం లేదు.

మెర్విన్, ఇప్పుడేమీ అనకు. కూర్చో. నన్ను పూర్తి చెయ్యనీ.

తిరస్కరించిన చోట ఏడాదికోసారి వెళ్ళి నాలుగుకు మించి లేవని చూసి రాసుకోవాలి. అది నా పనే. పోయిన మంగళవారం ఆఖరిసారి వెళ్ళాను. కాఫీ ఇచ్చింది. ఎప్పుడు వెళ్ళినా ఇస్తుంది. అప్పుడు పుస్తకంలో పేరా గురించి చెప్పాను, పంతొమ్మిదో రోజు గురించి చెప్పాను. ఆమె సింకు దగ్గర గిన్నె తుడుస్తోంది. తుడవడం ఆపలేదు.

"ఎన్ని రోజులు మిగిలాయి అప్పటికి?"

"పదకొండు."

"పదకొండు" అంది.

"మళ్ళీ అర్జీ పెట్టు, ఆర్డిస్. ఈసారి మెర్విన్ ఓటు వేస్తాడు. నేను వచ్చి నీ తరఫున మాట్లాడతాను."

"దేనికి పెట్టను? వీటికి పళ్ళు కూడా లేవు." గిన్నె అలమరలో పెట్టింది. "అవతలివాళ్ళు అన్నదానికి నాకు కోపం రాలేదు ఆరిన్. వాళ్ళకి తెలీదు. నువ్వు మా వంటింట్లో నేలమీద కూర్చున్నావా ఎప్పుడైనా?"

"లేదు."

"అదే. ఏటా లెక్కకి వచ్చినా గుమ్మంలోనే నుంచుంటావు."

ఆమె బయటికి చూస్తూ, "నువ్వొచ్చిన పని చూసుకో, వాన వచ్చేలా ఉంది" అంది.

కుక్కలు పొయ్యి పక్కన దుప్పటి మీద పడుకుని ఉన్నాయి. లెక్కపెట్టాను. మూడే ఉన్నాయి.

"నాలుగోది?"

"ఈస్టర్ తరవాత పోయింది."

నా నోటికి ఇరవై ఆరేళ్ళ అలవాటు. "నిబంధన ప్రకారం ఇంకోటి తెచ్చుకోవచ్చు, నీకు నాలుగు దాకా ఉంది" అన్నాను.

ఆమె నవ్వింది. చెడ్డగా ఏమీ నవ్వలేదు. "మూడని రాసుకుని వెళ్ళు, ఆరిన్" అంది.

రాశాను. మూడు అని వేసి, తేదీ వేసి, సంతకం పెట్టాను. ఈ ఉద్యోగంలో నేను రాసిన ఆఖరి కాగితం అదే. అందులోనూ తప్పేమీ లేదు.

(విరామం)

కూర్చుని ఇంతసేపు విన్నందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. వంటలు చేసి తెచ్చినవాళ్ళకి, వానలో ఇంజన్లు నిలబెట్టుకున్నవాళ్ళకి కృతజ్ఞతలు. డోనాకి, ఇంట్లో చెప్పాల్సిన మాటని ఇక్కడ చెప్పినందుకు క్షమాపణ. నా తరవాత వచ్చే అమ్మాయికి ఆ పుస్తకం బల్ల మీదే వదిలి వెళుతున్నాను, ఆ పేరా ఉన్న పేజీ మడిచిపెట్టి. ఇరవై ఆరేళ్ళు మీరు నన్ను నమ్మారు. ఆర్డిస్ కూడా నమ్మింది.

సెలవు.